అండ్ సన్స్

మొన్న దసరా సెలవులకు కరీంనగర్ పోయినప్పుడు ఒక సభకు పిలిచారు. టవర్ సర్కిల్ చుట్టుపక్కల పాత దుకాణాలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయనీ, ఊరి ఆత్మ పోతున్నదనీ, రచయితలు దీని మీద మాట్లాడాలనీ దాని సారాంశం. వేదిక మీద ఏడుగురున్నారు, ఏడుగురూ మగవాళ్ళే. ఒకాయన వాళ్ళ తాత కిరాణంలో బెల్లం వాసన గుర్తు చేసుకున్నాడు. ఇంకొకాయన నాయన కూర్చున్న గద్దె గురించి, తరాజు గురించి, గల్లాపెట్టె మూత చప్పుడు గురించి కవిత చదివాడు. బాగానే ఉన్నాయి కవితలు. అమ్మ అనే మనిషి ఆ పూటంతా రెండుసార్లు వచ్చింది. ఒకసారి దుకాణానికి సద్ది పట్టుకొని వచ్చింది, ఇంకోసారి షట్టర్ దించుతుంటే ఏడ్చింది. చివరలో నన్ను పిలిచి, "మేడం, మీ అమ్మగారి దుకాణం గురించి ఒక ఐదు నిమిషాలు" అన్నారు.

ఐదు నిమిషాల్లో అయ్యే మాట కాదది. నాలుగు మర్యాద మాటలు చెప్పి దిగిపోయాను. అప్పుడు మింగిన కోపాన్ని ఇక్కడ కక్కుతున్నాను.

దుకాణాలు పోతున్నందుకు నాకూ బాధే. కానీ 'మన దుకాణాలు' అన్నప్పుడు ఆ 'మన'లో ఎవరున్నారో ముందు తేల్చుకోవాలి. మన ఊళ్ళల్లో పాత బోర్డులన్నీ చదవండి. ఫలానా అండ్ సన్స్, ఫలానా అండ్ బ్రదర్స్. కరీంనగర్‌లో, జగిత్యాలలో, మంచిర్యాలలో, ఆదిలాబాద్‌లో యాభై ఏండ్లుగా బోర్డులు చదువుకుంటూ తిరిగినదాన్ని. 'అండ్ డాటర్స్' నాకొక్కటీ కనబడలేదు. లక్ష్మీ, సరస్వతీ, పద్మావతీ మాత్రం బోర్డు బోర్డుకూ ఉంటారు. దేవతలకు వాటా ఇవ్వనక్కర లేదు కదా.

మాది గాజుల దుకాణం. టవర్ వెనక గల్లీలో ఒక మల్గీ. దాని మీద తాత పేరు, పక్కన 'అండ్ సన్స్'. 1985లో నాయనకు పక్షవాతం వచ్చింది. నాలుగో తరగతి చదివిన మా అమ్మ ఆ ఏడు పోయి దుకాణంలో కూర్చుంది. లేచింది 2007లో. మధ్యలో ఇరవై రెండేండ్లు. హైదరాబాద్ లాడ్ బజార్ పోయి మలారాలు తెచ్చుడు, పగిలినవి ఏరుడు, రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది సైజులు కట్టి వేలాడదీసుడు, పొద్దుగూకినంక లెక్క రాసుడు, అంతా ఆమే. ఎవరన్నా అడిగితే మాత్రం "మా ఇంట్ల దుకాణముంది, నేను జెర ఆసరగుంట" అనేది. ఇరవై రెండేండ్ల ఆసరా!

1991లో నాయన పోయాడు. గాజుల దుకాణం నడిపే మనిషి ముత్తైదువ కాకుండా పోయింది. పదో రోజు అమ్మ చేతుల గాజులు పగలగొట్టిన ఆడవాళ్ళే, శ్రావణం రాగానే గాజులకు మా దుకాణానికి వచ్చారు. అమ్మ చేత్తో తొడిగించుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. దానికోసం ఒక పిల్లను జీతానికి పెట్టుకున్నాం. అమ్మ గల్లా దగ్గర, ఆ పిల్ల గిరాకీ దగ్గర. విధవ చేతి గాజు అశుభం, అదే చేతి నుంచి వచ్చిన చిల్లర శుభమే. పెండ్లిగాజుల గిరాకీ వచ్చినప్పుడు అమ్మ తనంతట తానే లేచి వెనక అట్టపెట్టెల చాటుకు పోయేది. ఎవరూ పొమ్మనేవాళ్ళు కాదు, ఆ అవసరం రానిచ్చేది కాదు.

ఇక బోణి. పొద్దున్నే ఎదురు రాకూడని మనిషి దుకాణం తెరిస్తే గిరాకీ రాదని గల్లీ నమ్మకం. సెలవుల్లో నేను పోతే అమ్మ నన్ను లేపి, తల దువ్వి, "జెర షట్టర్ కాడ నిలబడు బిడ్డా, బోణి నీ చేతుల మీదుగ గానియ్యి" అనేది. 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చింది. నేను దాన్ని సంచిలో పెట్టుకొని తిరుగుతున్న రోజులవి. పోయి నిలబడ్డాను. బొట్టు పెట్టుకొని, చేతినిండా గాజులేసుకొని, మా అమ్మ అశుభం అన్న మాటను నా ఒంటితో రుజువు చేస్తూ నిలబడ్డాను. కొట్లాడితే ఏమయ్యేది? ఆ పూట గిరాకీ పోయేది. గిరాకీ పోతే నా ఫీజు పోయేది. సిద్ధాంతానికీ గల్లాపెట్టెకూ మధ్య ఎన్నిసార్లు ఇట్లా రాజీపడ్డామో చదివేవాళ్ళకు నేను చెప్పనక్కర లేదనుకుంటాను.

అయినా ఆ దుకాణంలో ఒకటుండేది, ఇప్పుడు ఏ షోరూములోనూ దొరకనిది. ఉద్దెర.

ఉద్దెర అంటే అప్పు అని ఊరుకుంటే సరిపోదు. మా దుకాణానికి వచ్చేవాళ్ళలో సగం మంది బీడీలు చేసే ఆడవాళ్ళు. ఒళ్ళో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, పొద్దంతా వంగి చుట్టి, బట్వాడా నాడు టేకేదారు లెక్క కట్టి ఇచ్చిన పైసలు తీసుకొని బజారుకు వచ్చేవాళ్ళు. ఆ పైసలు అప్పటికే సగం మొగని చేతుల్లోకి పోయుండేవి. పిల్లకు గాజులు, పండుగకు రైక ముక్క, ఆడబిడ్డకు పెట్టాల్సిన పోత, ఇవి ఇంట్లో అడిగితే తన్నులు. ఇవన్నీ ఉద్దెర ఖాతాలోకి పోయేవి. అమ్మ ఖాతా పుస్తకంలో మొగని పేరు, ఇంటి పేరు రాసేది కాదు. 'తీగలగుట్టపల్లి బీడీల అక్క', 'ముక్కుపుల్ల చెల్లె', 'బస్టాండు కాడి పండ్ల అవ్వ', ఇట్లా రాసుకునేది. ఎవరన్నా మగవాడు వచ్చి "మా ఆడిది ఎంత బాకీ ఉంది?" అని అడిగితే "నాకేం యాదికుంటది, బుక్కు ఇంటికాడుంది" అనేది. బుక్కు ఆమె కాళ్ళ కిందనే ఉండేది.

బ్యాంకు ఖాతా, డ్వాక్రా పుస్తకం, ఏవీ చేరకముందే ఆ ఆడవాళ్ళకు సొంత పరపతి ఒకటి ఉండేది. దానికి జమానతు మొగడు కాదు, ఆమె మాట. పితృస్వామ్యం కన్నుగప్పి ఇద్దరాడవాళ్ళు నడుపుకున్న ఖాతా అది. మన ఆర్థికశాస్త్ర విభాగాల్లో సూక్ష్మరుణాల మీద ఎన్నో సిద్ధాంత గ్రంథాలు చూశాను. ఉద్దెర పుస్తకం మీద వచ్చినదొక్కటీ నా కంటబడలేదు.

మెత్తగా చెప్పి తప్పించుకోను. ఉద్దెర ధర వేరు, నగదు ధర వేరు. డజనుకు రెండు రూపాయలు ఎక్కువ వేసుకునేది అమ్మ. వడ్డీ అనేది కాదంతే. ఇంకొక మాట కూడా ఉంది, రాయడానికి చెయ్యి వెనక్కి పోతున్నది. ముత్తైదువ కాదని తన చేతిని వెలివేసిన లోకంలోనే బతికిన మా అమ్మ, వాడకట్టు నుంచి వచ్చిన దళిత స్త్రీలకు గాజులు తొడిగించేది కాదు. డజను లెక్కపెట్టి తువ్వాల మీద పెట్టించేది, వాళ్ళు తీసుకొని ఇంటికాడ వేసుకునేవాళ్ళు. జీతానికి ఉన్న పిల్లకు ఎవరూ చెప్పలేదు, చూసి నేర్చుకుంది. నేనూ చూశాను. ఏదో తేడా అని తెలిసీ అడగలేదు. కాబట్టి పాత బజారు అందరిదీ అనే కవితలు నా ముందు చదవకండి.

ఇరవై ఏండ్లకు పైగా ఆదిలాబాద్‌లో పాఠం చెబుతున్నాను. అక్కడికి పోయాక ఈ 'స్థానిక దుకాణం' మోహం ఇంకొంత వదిలింది. ఇంద్రవెల్లి, ఉట్నూరు వైపు గోండు స్త్రీకి స్థానిక దుకాణం అంటే ఏమిటి? ఆమెకు కావలసిన ఉప్పు, నూనె, గుడ్డ అమ్మేవాడు, ఆమె తెచ్చిన ఇప్పపువ్వు, సారపప్పు, బంక తక్కువకు జోకేవాడు, అప్పు కింద ఆమె చేనును రాయించుకునేవాడు, ముగ్గురూ ఒకడే. 1940లలో ఆ గూడాల్లో తిరిగిన హైమన్‌డార్ఫ్ నుంచి ఎందరో రాశారు వ్యాపారుల చేతుల్లోకి పోయిన భూముల గురించి. 1970లో 1/70 చట్టం ఊరికే రాలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగింది సోమవారం, అంగడి రోజు. అంగడికి వచ్చినవాళ్ళూ సభకు వచ్చినవాళ్ళూ ఒక్కరే. ఆ నేల మీద నిలబడి "మన లోకల్ వ్యాపారిని కాపాడుకుందాం" అని అరవడానికి నాకు గొంతు పెగలదు. ఉద్దెర అనే మాట మా అమ్మ గల్లీలో ఒక అర్థం, అక్కడ ఇంకో అర్థం.

సరే, దుకాణాలు ఎందుకు పోతున్నాయి? సభలో చెప్పిన కారణాలన్నీ నిజమే. 2016 నవంబర్‌లో నోట్ల రద్దు, 2017 జులైలో జీఎస్టీ, 2020 మార్చిలో లాక్‌డౌన్. కరీంనగర్‌కు ఆ కట్టడి దేశం కంటే ముందే వచ్చింది. ఫోన్లో కొనుక్కోవడం ఉండనే ఉంది. వాళ్ళు చెప్పనివి కూడా ఉన్నాయి. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి జిల్లాలు ముక్కలైనాక, కలెక్టరాఫీసు పనికని వచ్చి పనిలో పనిగా బజారు చేసుకొని పోయే మనుషులు ఆదిలాబాద్ గాంధీచౌక్‌కు రావడం తగ్గింది. మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ ఎవరి కలెక్టరు వాళ్ళకున్నారు. పెద్ద రోడ్డు ఊరి బయట నుంచి పోతుంది. గోదావరిఖని బజారు సింగరేణి జీతం రోజు మీద బతికింది. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. జీతగాళ్ళు తగ్గితే బజారు తగ్గదా? ఒక్క మాట మాత్రం ఎదురు చెప్పాలి. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్ళకు ఉచిత బస్సు వచ్చినప్పుడు నవ్విన దుకాణదారులే, ఇప్పుడు పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళ గిరాకీ మీద పండుగలు గడుపుతున్నామని నాతో అన్నారు. బస్సులో సీటు దొరకని మగవాళ్ళ గోస మీద వచ్చినన్ని జోకులు, ఈ సంగతి మీద రాలేదు.

మా దుకాణాన్ని మూసింది మాత్రం ఇవేవీ కావు. ఏ కార్పొరేటూ రాలేదు. 2007లో టవర్ చుట్టూ జాగాల ధర పెరిగింది. తమ్ముడు మల్గీని కాంప్లెక్సుకు ఇచ్చేశాడు. కింద ఒక షాపు, పైన కొంత భాగం అతనికి వచ్చాయి. కిరాయిలు వస్తాయి. అమ్మకు ఇంట్లో టీవీ ముందు కుర్చీ వచ్చింది. "ఇంకెన్నాళ్ళు కష్టపడుతవే అవ్వా, కూసో" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఇరవై రెండేండ్లలో ఆ దుకాణం ఆమెకు ఎట్లాంటి కష్టమో, ఇంకేమిటో ఎవరూ అడగలేదు.

అమ్మకు భార్యగా వాటా ఉంది. నాకూ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లో ఉంది. అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. దేశమంతటికీ 2005లో వచ్చింది, మనకు ఇరవై ఏండ్ల ముందే ఉందని క్లాసులో గర్వంగా చెప్పేదాన్ని. రిజిస్ట్రేషన్ రోజు తమ్ముడు "అక్కా, నీకు గవర్నమెంటు నౌకరీ ఉన్నది, నీకేం తక్కువ?" అన్నాడు. అమ్మ తల వంచుకొని కూర్చుంది. హక్కు విడుదల పత్రం మీద ముందు అమ్మ, తర్వాత నేను సంతకాలు పెట్టాం. పుట్టిల్లు పోతుందన్న భయం ఒకటి ఉంటుంది, దాని బరువు తెలియని ఆడది ఈ పత్రిక చదివేవాళ్ళలో ఉంటుందనుకోను. ఆ వారమే నేను ఒక సెమినార్‌లో స్త్రీల ఆస్తిహక్కు మీద పేపరు చదివాను. చప్పట్లు కూడా కొట్టారు.

అందుకే సభలో కవితలు వింటుంటే నాకు ఒళ్ళు మండింది. ఎన్ని దుకాణాలు మాల్ దెబ్బకు పోయాయో లెక్క తీయండి, తీయాల్సిందే. ఎన్ని దుకాణాలు కొడుకుల చేతిలో కిరాయి మడిగలై పోయాయో అది కూడా తీయండి. అక్కడ కూర్చున్న ఆడవాళ్ళు ఎక్కడికి పోయారో అడగండి.

కొందరు ఇప్పుడు పెద్ద బట్టల షోరూముల్లో ఉన్నారు. మా గాజుల పిల్ల బిడ్డ అట్లాంటి చోటే పనిచేస్తుంది, పేరు ఎందుకు. పొద్దున పదింటికి పోతే రాత్రి తొమ్మిదిన్నర. నిలబడాలి. గిరాకీ లేకపోయినా నిలబడాలి. గోడకు ఆనుకుంటే కెమెరాలో చూసి పిలుస్తారు. లిప్‌స్టిక్ వాళ్ళే ఇస్తారు, కుర్చీ ఇవ్వరు. కేరళ కోజికోడ్‌లో పి.విజి, ఆమె పెంకూట్టు సంఘం వాళ్ళు మొదలుపెట్టిన కొట్లాట మీలో చాలామందికి తెలిసిందే. బజారులో పనిచేసే ఆడవాళ్ళకు మూత్రశాలలు కావాలని మొదలై, కూర్చునే హక్కు దాకా వచ్చింది. కేరళ 2018లో చట్టం మార్చింది, తమిళనాడు 2021లో మార్చింది. మన బట్టల షాపుల్లో కుర్చీ ఎక్కడుందో ఈసారి చీర కొనేటప్పుడు చూడండి. మనం చీరలు పరిపించుకుంటూ కూర్చుంటాం, ఆమె నిలబడి పరుస్తుంది. మన కుర్చీ కూడా ఆ లెక్కలోదే.

మూత్రశాల అన్నాను కాబట్టి ఇదీ చెబుతాను. మా అమ్మ ఇరవై రెండేండ్లు దుకాణంలో పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఇంటికి వచ్చేదాకా నీళ్ళు తాగలేదు. పక్క మల్గీల మగవాళ్ళకు గల్లీ చివరి గోడ ఉండేది. ఆమెకు ఇంటికి పోవడమే దారి. తర్వాత మూత్రకోశం జబ్బుతో ఆసుపత్రి చుట్టూ ఎంత తిరిగామో ఊరి ఆత్మ గురించి చెప్పేవాళ్ళ లెక్కలోకి రాదు. ఆ పాత బజారు కట్టినవాళ్ళ ఊహలో ఒక ఆడది పొద్దంతా అక్కడ ఉంటుందన్న ఆలోచనే లేదు.

ఉద్దెర ఏమైంది? అదీ చావలేదు, చేతులు మారింది. ఆడవాళ్ళను పదిమందిని కూర్చోబెట్టి ఒకరికొకరిని జమానతు పెట్టి వారంవారం వసూలు చేసే ఫైనాన్సు సంస్థలు వచ్చాయి. ఆత్మహత్యలు జరిగాకనే 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అమ్మ ఖాతాలో బాకీ ఆలస్యమైతే "మళ్ళ బట్వాడాకు ఇయ్యి" అన్న మాటతో పోయేది. గ్రూపులో ఆలస్యమైతే సాటి ఆడవాళ్ళే గడప ముందు కూర్చున్నారు. ఇద్దరాడవాళ్ళ మధ్య రహస్యంగా ఉన్న నమ్మకాన్ని తీసుకుపోయి ఆడవాళ్ళ మీద ఆడవాళ్ళ కాపలాగా మార్చారు. 'మహిళా సాధికారత' అని దానికి పేరు.

ఇక ఈ 'స్థానికులు' అనే మాట. 2025 ఆగస్టులో 'మార్వాడీ గో బ్యాక్' అంటూ నినాదాలు, బంద్ పిలుపు వచ్చాయి. మన చిన్న వ్యాపారుల పొట్ట కొడుతున్నారని వాదన. గుత్తాధిపత్యం మీద కోపం ఉంటే గుత్తాధిపత్యాన్ని అనాలి, పుట్టుకను కాదు. ఆ రోజుల్లో ఆ గొడవ మీద చర్చలు టీవీల్లో చూశాను. నేను చూసినంతలో రెండు వైపులా మగవాళ్ళే. నాకు ఆదిలాబాద్‌లో ఒక మార్వాడీ దుకాణం తెలుసు. వెనక గదిలో ముసుగు కప్పుకొని పచ్చళ్ళు, పాపడాలు చేసే ఆమె నలభై ఏండ్ల నుంచి ఆ ఊళ్ళోనే ఉంది, ఆమె పేరు మీద ఒక ఇటుక లేదు. ముందుండి నినాదమిచ్చిన 'మన' దుకాణంలోనూ వెనక గది ఉంది. ఆ గదిలో 'మన' ఆమె. వీళ్ళిద్దరిలో ఎవరు స్థానికులు, ఎవరు ఎక్కడికి గో బ్యాక్? ఇదే నోటితో 2020లో ముస్లిం పండ్లవాళ్ళ దగ్గర కొనొద్దన్నారు. 2021 ఆగస్టులో ఇందోర్‌లో గాజులమ్ముకునే ముస్లిం యువకుణ్ణి కొట్టారు. గాజుల దుకాణంలో పెరిగినదాన్ని, ఆ వార్త చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. మా గల్లీలో గాజులు తొడిగే ముస్లిం అవ్వలు పిల్లల చేతులను మైనంలా మడిచి, నొప్పి తెలియకుండా సైజు తక్కువ గాజు ఎక్కించేవాళ్ళు. లాడ్ బజార్‌లో ఎవరి దగ్గర ఏం తేవాలో అమ్మకు నేర్పింది వాళ్ళే.

కాబట్టి నేను దుకాణాలు కాపాడే ఉద్యమంలో ఉంటాను, కానీ బేరం చేసుకొని ఉంటాను. ట్రేడ్ లైసెన్సు మీద, కిరాయి కాగితం మీద కూర్చున్న మనిషి పేరు ఉండాలి. బజారులో ఆడవాళ్ళకు మూత్రశాల, షోరూములో కుర్చీ. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం నలభై శాతం మంది వీధి వ్యాపారుల నుంచే ఎన్నిక కావాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. బస్టాండు కాడి పండ్ల అవ్వలకు ఈ సంగతి ఎవరు చెప్పారు? స్థానిక వ్యాపారం గురించి కవితలు రాసేవాళ్ళు ఈ కమిటీ పేరైనా విన్నారా? ఇవి పెద్ద కోరికలని ఒక మిత్రుడు అన్నాడు. ముందు దుకాణం బతకనీ, తర్వాత చూద్దామన్నాడు. ముందు తెలంగాణ రానీ, తర్వాత చూద్దామన్న మాట కూడా మాకు గుర్తుంది.

పోయిన ఏడు మా డిగ్రీ పిల్లలను ఆదిలాబాద్ బజారులోకి పంపాను. దుకాణంలో ఆడవాళ్ళు కూర్చున్న చోట ఆగి, లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో అడిగి రాసుకు రమ్మన్నాను. మొదటి రోజే సగం మంది తిరిగి వచ్చారు. అడిగిన ప్రతిచోటా ఆమె నోరు తెరిచేలోపల పక్కన ఎవరో ఒకరు వచ్చి జవాబు చెప్పారట. ఒకాయన నవ్వి, "ఎవరి పేరు మీద ఉంటేంది బిడ్డా, ఇల్లు ఒకటే గద" అన్నాడట. ఒకటే అయితే ఆమె పేరు రాయొచ్చు కదా అని ఒక పిల్ల అడిగింది. ఆయన ఇంకో గిరాకీ వైపు తిరిగిపోయాడు. ఈ ఏడు వాళ్ళను మధ్యాహ్నం రెండు దాటాక పంపుతున్నాను. మగవాళ్ళు అన్నానికి ఇంటికి పోయే వేళ అది.